కొత్త ఫైబర్ బోటుతో రాళ్ళ మీద వేటకు వెళ్ళడం ఎలా?

"అన్నా, బోటు దిగింది, ఇంజను బిగించాం, కొబ్బరికాయ కూడా కొట్టేశాం. రాళ్ళ మీదకి ఎప్పుడు పోవచ్చు?"

వేట నిషేధం ముగిసే రోజులు దగ్గరపడ్డాయంటే నాకు ఈ ప్రశ్న మొదలవుతుంది. భీమిలి వైపు కుర్రాళ్ళు అడుగుతారు, పూడిమడక నుంచి అడుగుతారు, ఉద్యోగం చేసుకుంటూ ఆదివారం వేటకని బోటు కొన్న విశాఖ వాళ్ళూ అడుగుతారు. రాళ్ళంటే సముద్రం అడుగున చేపలు ఉండే రాతి దిబ్బలు. అందరూ అడిగేది ఒకటే కాబట్టి ఇక్కడ మొత్తం రాసి పెడుతున్నాను.

నేను చెప్పేది 28 - 30 అడుగుల ఫైబర్ బోటుకి. 9.9 హెచ్‌పీ ఔట్‌బోర్డ్ ఇంజను, నలుగురు మనుషులు, చేతి గేలాలు, 15 నుంచి 25 బారల లోతు, తెల్లవారుజామున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేసే వేట. బార అంటే రెండు చేతులూ చాపితే వచ్చే పొడవు, సుమారు 6 అడుగులు. రాళ్ళ మీద వల వేయడం గురించి రాయడం లేదు. వల చిరుగుతుంది, చిరిగిన ముక్క రాయికి చుట్టుకుని ఏళ్ళ తరబడి చేపల్ని ఊరికే చంపుతూ ఉంటుంది.

అడిగిన దానికి జవాబు: నాలుగో ట్రిప్పుకి వెళ్ళండి. మొదటి మూడూ బోటును తెలుసుకోవడానికి. రాళ్ళ మీద వేటలో చేప పట్టడం కష్టం కాదు. బోటును రాయి మీద నిలబెట్టడం, మళ్ళీ లంగరుతో సహా అక్కడి నుంచి బయటపడడం కష్టం. నేనూ ఎక్కువ దాని గురించే రాస్తాను.

ముందు కాగితాలు

మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, ఇంజను ఉన్న బోట్లు వేటకు వెళ్ళకూడదు. కొత్త బోటు కదా, ఇంజను చూసుకుందామని ఆ రోజుల్లో గేలాలు పెట్టుకుని దిగకండి. రియల్‌క్రాఫ్ట్‌లో (వేట బోట్ల ఆన్‌లైన్ పోర్టల్) రిజిస్ట్రేషన్, మత్స్యశాఖ లైసెన్సు, బీమా పూర్తయ్యాకే మొదటి వేట. రిజిస్ట్రేషన్ నంబరు బోటుకి రెండు వైపులా దూరం నుంచి చదవగలిగేంత పెద్దగా రాయించండి. బోటులో ఉన్న ప్రతి మనిషికీ గుర్తింపు కార్డు ఉండాలి. కోస్ట్‌గార్డ్ వాళ్ళు ఆపినప్పుడు మొదట అడిగేది అదే.

కావాల్సినవి

- మనిషికో లైఫ్ జాకెట్. మూట కట్టి ముందు గదిలో పడేసినవి లెక్కలోకి రావు, ఒంటి మీద ఉండాలి.
- జీపీఎస్ ఉన్న ఫిష్ ఫైండర్ (శబ్దం పంపి అడుగు నేలనీ చేపల్నీ తెర మీద చూపించేది), దిక్సూచి.
- వీహెచ్‌ఎఫ్ రేడియో, ఆపద పిలుపులు వినే చానల్ 16 మీద పెట్టి. ఇస్రో తయారుచేసిన ట్రాన్స్‌పాండర్ ఇంకా బిగించకపోతే మత్స్యశాఖ ఆఫీసులో అడగండి. ఫోను సిగ్నల్ లేని చోట కూడా ఆపద సందేశం పంపుతుంది.
- ఫోనులో రెండు నంబర్లు: కోస్ట్‌గార్డ్ 1554, తీర రక్షణ పోలీసులు 1093. ఫోను ప్లాస్టిక్ సంచిలో.
- నాలుగు కొమ్ముల లంగరు, 2 - 3 మీటర్ల గొలుసు, వెళ్ళే లోతుకి మూడింతల తాడు. 20 బారలకి 60 బారలు.
- పదునైన కత్తి ఒకటి లంగరు తాడు పక్కన, ఇంకొకటి ఇంజను దగ్గర. ఎర కోసే కత్తి వేరే.
- స్పేర్ ప్లగ్గులు, ప్రొపెల్లర్ పిన్ను, స్టార్టర్ తాడు, పానా, పక్కడు, రెండు తెడ్లు.
- నీళ్ళు తోడడానికి బకెట్. పంపు ఉన్నా సరే.
- ఐసు, తాగునీళ్ళు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. ఎందుకో కింద చెప్తాను.
- మంటలార్పే సిలిండర్. 2023 నవంబరులో విశాఖ చేపల రేవులో మంటలు ఒక బోటు నుంచి ఇంకో బోటుకి పాకి పదుల కొద్దీ బోట్లను కాల్చేశాయి. పెట్రోలు డబ్బా పక్కన స్టవ్వు వెలిగించే అలవాటు కొత్త బోటులో మొదటి రోజు నుంచే వద్దు.

1. మొదటి మూడు ట్రిప్పులు ఒడ్డు కనిపించే దూరంలోనే

కొత్త ఇంజనుకు మొదటి పది గంటలు అలవాటు పడే సమయం. ఫుల్ థ్రాటిల్ మీద ఎక్కువసేపు ఉంచకండి, ఒకే వేగంలో కూడా నడపకండి, మారుస్తూ ఉండండి. టూ స్ట్రోక్ అయితే ఈ పది గంటల్లో ఆయిల్ ఎంత కలపాలో కంపెనీ పుస్తకంలో విడిగా ఉంటుంది. మెకానిక్ నోటి మాటగా చెప్పిన లెక్క కాకుండా అదే పాటించండి. ఇంజను వెనక సన్నగా నీటి ధార పడుతూ ఉండాలి. ధార ఆగిందంటే ఇంజను వేడెక్కుతోంది. వెంటనే ఆపి, నీళ్ళు పీల్చే రంధ్రాల్లో ప్లాస్టిక్ కవరు ఇరుక్కుందేమో చూడండి. మన తీరంలో పదిసార్లలో తొమ్మిదిసార్లు అదే.

పెట్రోలు లెక్క ఇలా తేల్చుకోండి. ట్యాంకు నిండుగా నింపి, మామూలు వేగంతో సరిగ్గా గంటసేపు నడపండి. తిరిగొచ్చి మళ్ళీ నిండే వరకు ఎన్ని లీటర్లు పట్టిందో కొలవండి. జీపీఎస్‌లో ఎన్ని కిలోమీటర్లు వచ్చిందో పక్కన రాయండి. పక్క బోటువాడి లెక్క మీ బోటుకి పనికిరాదు. ఆ తర్వాత ఎప్పుడైనా సరే మూడో వంతు పోవడానికి, మూడో వంతు రావడానికి, మూడో వంతు ముట్టుకోకుండా.

రెండో ట్రిప్పులో బరువు పరీక్ష. ఐసు, చేపలు ఎంత బరువు ఉంటాయనుకుంటున్నారో అంత బరువుకి నీళ్ళ క్యాన్లు పెట్టండి. లోతు తక్కువ ఉన్న చోట, అందరూ లైఫ్ జాకెట్లతో, నలుగురూ ఒకే పక్కకి రండి. అంచు నీటికి ఎంత దగ్గరగా వచ్చిందో జానతో కొలిచి గుర్తు పెట్టుకోండి. పెద్ద చేప పడినప్పుడు సరిగ్గా ఇదే జరుగుతుంది, అందరూ చూడ్డానికి ఒకే పక్కకి వస్తారు.

మూడో ట్రిప్పులో లంగరు వేయడం, తీయడం. ఇసుక మీద, కనీసం ఐదుసార్లు. ప్రతి ట్రిప్పు తర్వాత అడుగున చేరిన నీళ్ళు తోడి, అవి ఎక్కడి నుంచి వచ్చాయో కనిపెట్టండి. అంచు మీంచి చిమ్మినవైతే పర్వాలేదు. బోల్టుల దగ్గర ఊరుతుంటే రాళ్ళ ఊసు ఎత్తకండి, యార్డుకి తీసుకెళ్ళండి.

2. వెళ్ళాలా వద్దా

హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ ఇచ్చే సముద్ర స్థితి సూచన ముందు రోజు సాయంత్రం ఒకసారి, బయలుదేరే ముందు ఒకసారి చూడండి. విశాఖలోని తుఫాను హెచ్చరికల కేంద్రం మాట దాని మీద. కొత్త బోటుకి నేను పెట్టుకున్న హద్దు ఒక మీటరు అల. అలవాటైన బోటుకి అది ఏమంత లెక్క కాదు, కానీ మీది ఇంకా అలవాటైన బోటు కాదు. రేవులో ఒకటో నంబరు జెండా ఎగిరినా సరే ఆ రోజు మానేయండి. ఎక్కడో దూరంగా ఉన్న అల్పపీడనమేగా అంటారు. దూరంగా ఉన్నదాని పొంగు, అంటే అక్కడ లేచిన పెద్ద అల, కూడా మన రాళ్ళ దగ్గరికి వస్తుంది.

తెల్లారే సరికి రాయి మీద ఉండి, 11 గంటలకల్లా లంగరు తీసేయండి. మధ్యాహ్నం గాలి లేచాక తిరిగి రావడం రెట్టింపు పని, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

ఒడ్డున ఇద్దరికి చెప్పి వెళ్ళండి: ఏ వైపు, ఎంతమంది, ఎన్ని గంటలకి వస్తాం, రాకపోతే ఎన్ని గంటలకి 1554కి ఫోన్ చేయాలి. ఈ చివరిది కాగితం మీద రాసి ఇంట్లో ఇవ్వండి.

3. రాయిని కనిపెట్టడం

ఎవరో ఇచ్చిన జీపీఎస్ పాయింట్ మీద నేరుగా లంగరు వేయకండి. బోటు వేగంగా పోతుండగా నొక్కిన పాయింట్ అసలు రాయికి 50 మీటర్లు పక్కన ఉంటుంది. పాయింట్ చుట్టూ నెమ్మదిగా, నడిచేంత వేగంతో, నాగలి చాళ్ళలాగా వెళ్ళి రండి. ఫైండర్‌లో ఇసుక నేల సన్నటి గీతలా, రాతి నేల మందంగా, ముదురు రంగులో కనిపిస్తాయి. గట్టి నేలకి కింద రెండో గీత కూడా పడుతుంది, శబ్దం రెండుసార్లు తగిలి రావడం వల్ల. 25 బారల లోపు 200 కిలోహెర్ట్జ్ మీద పెట్టండి, చిన్న రాళ్ళు విడివిడిగా తెలుస్తాయి.

ఫైండర్ మీద నమ్మకం కుదరకపోతే మా చినాన్న పద్ధతి ఉంది. సీసం గుండు అడుగున చిన్న గుంట. అందులో బట్టల సబ్బు ముక్కని బొటనవేలితో అదిమి, తాడు కట్టి కిందికి దింపేవాడు. రెండుసార్లు నేలకి తాటించి పైకి లాగి, గుండుని తిప్పి వెలుతురులో చూసేవాడు. సబ్బుకి ఇసుక రేణువులు, గవ్వ పెంకులు అంటితే ఇసుక నేల. నల్లగా పూసుకుంటే బురద. ఏమీ అంటకుండా సబ్బు మీద గీరుకున్న గీత ఉంటే రాయి. ఆయన ఆ గీత మీద వేలు పెట్టి చూసి, "ఇక్కడే" అని ఇంకో మాట లేకుండా గేలం తీసేవాడు. ఇప్పటికీ కొత్త చోటికి వెళ్తే నేను ఫైండర్ చూశాక సబ్బు గుండు కూడా వేస్తాను. 50 రూపాయల ఖర్చు కూడా లేదు.

రాయి దొరికాక పాయింట్ నొక్కి, దానితో పాటు ఒడ్డు ఆనవాళ్ళు కూడా రాసుకోండి. డాల్ఫిన్ నోస్ మీది లైట్‌హౌస్ ఏ కొండ మొనకి ఎదురుగా వచ్చింది, కైలాసగిరి వెనక ఏ కొండ కనిపిస్తోంది. ఒకదాని వెనక ఒకటి వరుసగా వచ్చేవి రెండు జతలు ఉంటే చాలు. బ్యాటరీ పోయిన రోజు ఇవే దారి చూపిస్తాయి.

ఓడలు వచ్చిపోయే దారిలో, పోర్టు బయట ఓడలు లంగరు వేసి ఉండే చోట ఆగకండి. కాకినాడ వైపు వాళ్ళు చమురు బావుల ప్లాట్‌ఫారాలకి 500 మీటర్ల లోపలికి వెళ్ళకూడదు, దాని కింద ఎన్ని చేపలున్నా సరే.

4. లంగరు: ఇక్కడ తొందరపడకండి

లంగరుని రాయి మీద వేయకూడదు. రాయికి ఎగువన, అంటే గాలీ నీటి వడీ వచ్చే వైపు, ఇసుక మీద వేసి, తాడు వదులుతూ వెనక్కి జారి రాయి దగ్గర ఆగాలి. ఇలా:

ఎ) రాయి మీద ఇంజను ఆపి, ఐదు నిమిషాలు బోటుని వదిలేయండి. జీపీఎస్‌లో ఎటు జరిగిందో చూడండి. గాలీ నీటి వడీ కలిసి బోటుని తీసుకుపోయే దిక్కు అదే. మన తీరంలో ఫిబ్రవరి నుంచి మే వరకు నీరు ఎక్కువగా ఉత్తరానికి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు దక్షిణానికి లాగుతుంది. కానీ ఆ ఉదయం మీ బోటు ఎటు జరిగిందో అదే లెక్క.

బి) అదే గీత మీద వెనక్కి, రాయిని దాటి ఎగువకి వెళ్ళండి. 20 బారల లోతుకి 60 బారల తాడు వదిలితే బోటు లంగరుకి సుమారు 100 మీటర్ల దిగువన నిలుస్తుంది. కాబట్టి రాయికి 100 మీటర్ల పైన, ఇంకాస్త ఎక్కువ దూరంలో.

సి) బోటు పూర్తిగా ఆగాక, ముందు భాగం నుంచి లంగరుని చేతితో దింపండి. విసరకండి. తాడు మీ కాళ్ళకి అవతలి పక్కన ఉందో లేదో కిందికి చూసుకోండి. ఇంజను న్యూట్రల్‌లో.

డి) తాడు వదిలి ముందు కొక్కేనికి కట్టండి. ముందుకే. వెనకకి గానీ పక్కకి గానీ ఎప్పుడూ కట్టకండి.

ఈ డి మీద ఒక్క నిమిషం. మా బోటు దిగిన కొత్తలో, లంగరు ఇంజను దగ్గరే ఉందని అక్కడి నుంచే వేసి, అక్కడే కట్టేశాను. ఇంజను బరువుకి వెనక భాగం అప్పటికే కిందికి ఉంది. మొదటి పొంగు వచ్చి తాడు బిగిసింది. బోటు లేవాల్సిన చోట లేవలేదు, నీళ్ళు ఇంజను పక్కనుంచి లోపలికి దొర్లాయి. రెండో పొంగుకి మోకాలి కింద దాకా నీళ్ళు, బ్యాటరీ పెట్టె తేలింది, ఐసు పెట్టె మూత అవతలికి పోయింది. ముడి విప్పుదామంటే బిగిసిపోయి వేలు దూరలేదు. ఎర కోసే కత్తి పలక మీద చేతికందేలా ఉంది కాబట్టి తాడు కోశాను. మూడో పొంగు దాకా ఆగి ఉంటే నలుగురం నీళ్ళలో ఉండేవాళ్ళం. పైన జాబితాలో రెండు కత్తులు ఎందుకు రాశానో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది? పది నిమిషాలు గేలాలు దింపకండి. జీపీఎస్ చూడండి, ఒడ్డు ఆనవాళ్ళు చూడండి. ఆనవాళ్ళు ఒకదాన్నుంచి ఒకటి విడిపోతుంటే లంగరు ఈడ్చుకుపోతోంది. తాడు మీద చెయ్యి వేస్తే గరగరమని వణుకు తెలుస్తుంది. అప్పుడు ఇంకో పది బారలు వదలండి, అయినా ఆగకపోతే తీసి మళ్ళీ వేయండి. రాయికి కొంచెం ఎగువన ఆగితే సరిగ్గా కుదిరినట్టు. గేలం దిగేలోపు నీటి వడి దాన్ని రాయి మీదకి తీసుకెళ్తుంది.

ఇరుక్కుంటే ఏం చేయాలి అన్నది బయలుదేరక ముందే, ఒడ్డు మీద చేసుకోవాల్సిన పని. గొలుసుని లంగరు పై రింగుకి గట్టిగా కట్టకండి. అడుగున కొమ్ములు కలిసే చోటికి గట్టిగా కట్టి, కాడ వెంట పైకి తెచ్చి, పై రింగుకి సన్నటి దారంతో రెండు మూడు చుట్లు చుట్టండి. మామూలుగా ఆ దారం ఆగుతుంది. కొమ్ము రాతి సందులో ఇరుక్కున్నప్పుడు బోటుని లంగరుకి సరిగ్గా పైకి తీసుకెళ్ళి నిటారుగా లాగితే దారం తెగి, లంగరు అడుగు వైపు నుంచి ఊడొస్తుంది. దారం మరీ లావైతే తెగదు, మరీ సన్నదైతే ప్రతి పొంగుకీ తెగుతుంది. ఇసుక మీద చేసిన ఐదు ప్రయత్నాల్లో ఇది కూడా చూసుకోండి.

అయినా రాకపోతే తాడు కోసేయండి. తాడు చేతికి చుట్టుకుని లాగడం, వెనక కట్టి ఇంజనుతో ఈడ్వడం, నీళ్ళలోకి దూకడం, ఏదీ వద్దు. లంగరు మళ్ళీ చేయించుకోవచ్చు.

5. గేలం

కొన లోపలికి తిరిగి ఉండే సర్కిల్ హుక్ వాడండి, ఎనిమిది, తొమ్మిది నంబర్లు. చేప మింగినా పొట్టలో కాకుండా పెదవి మూలన పడుతుంది. చేయి విసురుగా లాగకూడదు, బరువు తెలిశాక నిలకడగా లాగితే అదే గుచ్చుకుంటుంది. మామూలు గేలానికి అలవాటైన చేతికి ఇది రెండు ట్రిప్పులు పడుతుంది.

గుండు 300 నుంచి 500 గ్రాములు. గుండుని అసలు దారం కన్నా సన్నటి దారంతో కట్టండి. రాయిలో ఇరుక్కుంటే గుండు ఒక్కటే పోతుంది. ఎరగా తాజా కవళ్ళు, కానాగంత ముక్కలు, స్క్విడ్. నిన్నటి మెత్తబడిన ఎర చిన్న చేపలు పీక్కుపోతాయి, కిందికి ఖాళీ గేలం చేరుతుంది.

గుండు నేలకి తగిలిన వెంటనే ఒక బార పైకి ఎత్తి పట్టుకోండి. కొత్తవాళ్ళు చేసే తప్పు నేల మీదే వదిలేయడం. రాతి సందుల్లో ఉండే గ్రూపర్ చేప ఎర పట్టుకున్న మొదటి రెండు క్షణాల్లో తన సందులోకి లాక్కుంటుంది. ఆ రెండు క్షణాల్లో మూడు బారలు లాగగలిగితే చేప మీది. సందులోకి పోయిందా, దారం వదులు చేసి రెండు నిమిషాలు ఆగండి, ఒక్కోసారి దానంతటదే బయటికి వస్తుంది. చేతికి తొడుగు ఉండాలి, దారం మాత్రం చేతికి చుట్టకూడదు.

అరగంటలో ఏమీ తగలకపోతే చోటు మార్చేముందు తాడు పది బారలు వదిలి చూడండి. రాయికి ఒక పక్క ఉన్న చేప ఇంకో పక్కకి రాదు.

6. ఏది ఉంచాలి, ఏది వదలాలి

రాతి చేపలు ఆ రాయినే ఇల్లుగా చేసుకుని ఉంటాయి. గ్రూపర్లలో చాలా రకాలు ఆడవిగా పెరిగి, పెద్దయ్యాక కొన్ని మగవిగా మారతాయి. పెద్దవన్నీ ఒకేసారి ఎత్తేస్తే ఆ రాయి మీద మగ చేపలు మిగలవు. అందుకే నేను ఒక రాయి మీద రెండు పెద్దవి పడితే లంగరు తీసి ఇంకో రాయికి వెళ్తాను. అర కిలో లోపు గ్రూపర్ ఏదైనా వెనక్కే. మనిషి కన్నా పొడుగు పెరిగే జెయింట్ గ్రూపర్‌కి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, తాబేలుకీ, పగడానికీ ఉంది. పడితే దారం కోసి వదిలేయండి.

లోతు నుంచి తెచ్చిన చేప పొట్ట ఉబ్బి, నోట్లోంచి సంచిలా బయటికి వస్తుంది. దాన్ని పొడవకండి, అది పొట్ట. ఊరికే నీళ్ళలో వదిలితే వెల్లకిలా తేలి చచ్చిపోతుంది. పాత గేలానికి ముల్లు అరగదీసి, కిలో బరువున్న గుండు పైన తలకిందులుగా కట్టి ఉంచుకోండి. చేప కింది పెదవికి తగిలించి నేల దాకా దింపి, ఒక్కసారి పైకి జాడిస్తే ఊడి వెళ్ళిపోతుంది. ఒక నిమిషం పని.

రెక్కలు విసనకర్రల్లా విచ్చుకుని, ఒళ్ళంతా చారలున్న లయన్‌ఫిష్ పడితే చేతితో ముట్టుకోకండి. ముల్లు గుచ్చుకుంటే, ఫ్లాస్కులో నీళ్ళు ఓర్చుకోగలిగినంత వేడికి చేసి, ఆ భాగాన్ని అందులో ఉంచి ఒడ్డుకి రండి. వేడి సరిపోయిందా లేదా అన్నది గుచ్చుకోని చేతితో చూసుకోండి, నొప్పిలో వేడి తెలియక కాల్చుకుంటారు. ఆస్పత్రికి తప్పకుండా వెళ్ళాలి.

7. ఐసు

మొప్పల దగ్గర కోసి రక్తం పోనిచ్చి, ఐదు నిమిషాల్లో ఐసులోకి. కిలో చేపకి కిలో ఐసు, పొడి చేసినది. పెద్ద దిమ్మల మధ్య చేప సగమే చల్లబడుతుంది. ఒడ్డుకొచ్చాక మొప్పల లోపలికి వేలు పెట్టి చూడండి. జివ్వుమని చల్లగా ఉంటే సరే. గోరువెచ్చగా ఉంటే కన్ను ఎంత మెరుస్తున్నా వేలంలో పాటదారుడు పట్టేస్తాడు.

8. తిరిగొచ్చాక

ఇంజనులోంచి మంచినీళ్ళు పోనివ్వండి, పది నిమిషాలు. పది గంటలు నిండితే మొదటి సర్వీసు ఆలస్యం చేయకండి. అడుగు నీళ్ళు తోడి, ఎన్ని బకెట్లు వచ్చాయో చూడండి.

తర్వాత, చేతులు ఆరకముందే, ఒక నోటుపుస్తకంలో రాయండి. నాది వాటర్‌ప్రూఫ్ కూడా కాదు, స్కూలు పుస్తకం. తేదీ, లోతు ఎన్ని బారలు, నీరు ఎటు లాగింది, ఎంత తాడు వదిలాను, రాయికి ఏ పక్క తగిలాయి, ఎన్ని వదిలాను, పెట్రోలు ఎంత మిగిలింది, బకెట్లు ఎన్ని.